బానెట్ మీద అరచేతంత

బ్రష్షులకి చేతులుంటాయి గానీ వేళ్ళుండవు కదమ్మాయ్ అని ఇందాక గేటు దగ్గర మామయ్య అన్న మాట నిజమే, ఎదురుగా కార్లు కడిగే మెషిన్ సొరంగంలో నీలం బ్రష్షులు తడిసిన ఎలుగుబంట్లలా గిరగిరా తిరుగుతున్నాయి, వాటి మధ్యలోంచి ఒక ఎర్ర కారు అంగుళం అంగుళం జరుగుతోంది, మాకు ముందు ఇంకా మూడున్నాయి, ఒక్కోదానికి నాలుగు నిమిషాలు, అంటే పన్నెండు, ఈ పన్నెండు నిమిషాల్లో పక్క సీట్లో కూర్చున్న మా మామగారికి ఒక విషయం చెప్పెయ్యాలి, లేదా ఇక ఎప్పటికీ చెప్పనని తేల్చుకోవాలి, ఏదో ఒకటి తేలకుండా ఆ సొరంగంలోకి వెళ్ళేది లేదని పొద్దున పళ్ళు తోముకుంటూ ఒట్టు పెట్టుకున్నాను, మీ వేళ్ళు మొద్దుబారాయి, నాకు తెలుసు, డాక్టరు దగ్గరికి పదండి మామయ్యా, ఇంతే, తొమ్మిదీ పదీ మాటలు, పన్నెండేళ్ళుగా డ్రైవింగ్ నేర్పి బతుకుతున్నదాన్ని, మొదటిసారి స్టీరింగు పట్టుకున్న మనిషి పక్కన కూర్చుని లారీల మధ్యలోకి పోనిచ్చేదాన్ని, బ్రేక్, బ్రేక్ అని పరాయి మగాళ్ళ మీద గొంతు చించుకునేదాన్ని, ఈ పది మాటలు మాత్రం నా నోట్లోంచి ఊడిపడటం లేదు, పైగా ఇవాళ నేను కూర్చునే సీట్లో ఆయన కూర్చున్నారు, ఆ సీటు ముందు కాళ్ళ దగ్గర నేర్పేవాళ్ళ కోసం బిగించిన రెండో బ్రేక్ ఉంటుంది, ఆయన చెప్పు దాని మీదే ఉంది, నేను చూశాను.

మామయ్యా కాలు తియ్యండి అంటే ఎక్కడ పెట్టనూ, నెత్తిన పెట్టుకోనా అంటారు, బస్సు డిపోలో ముప్పై రెండేళ్ళు బస్సులు కడిగిన మనిషి, మొదట కడిగేవాడిగా, తర్వాత కడిగేవాళ్ళ మీద మేస్త్రీగా, నేను ఈ కారు షోరూం నుంచి తెచ్చిన రోజున తాళాలు నా చేతిలో ఉంచి బకెట్లు తన చేతిలోకి తీసేసుకున్నారు, నడిపేది నువ్వు, కడిగేది నేను, మధ్యలో ఇంకెవడూ వేలు పెట్టకూడదు అన్నారు, ఇంకెవడూ అంటే మా ఆయన, ఆయన వేలు పెట్టే రకం కాదు, ఆదివారం తొమ్మిది దాటందే దుప్పట్లోంచి కాలే బయటపెట్టడు, అలా ప్రతి ఆదివారం ఆరింటికల్లా వాకిట్లో రెండు బకెట్లు, ఒకదాంట్లో సబ్బునీళ్ళు, ఒకదాంట్లో మంచినీళ్ళు, పైనుంచి కిందికి, చక్రాలు ఆఖర్న, గుడ్డ కింద పడిందా ఇక దాని జన్మ చక్రాలకే, ఒంటికి తగలనివ్వకూడదు, గుడ్డ మడత మార్చినప్పుడల్లా వేళ్ళ కొసలతో తడిమి చూసుకోవాలి, కంటికి ఆనని ఇసుక వేలికి ఆనుతుందమ్మాయ్ అనేవారు, డిపోలో కింద పడ్డ గుడ్డతో అద్దం తుడిచినవాణ్ణి వారం రోజులు షెడ్డు ఊడ్చే పనిలో వేశారట, అత్తయ్య గుమ్మంలో నిలబడి, ఆయనకి ఆ కారు మొదటి పెళ్ళామే, నేను రెండోదాన్ని, నా వీపు ఎప్పుడన్నా అంత శ్రద్ధగా తోమాడా అడుగు అనేది, ఆయన తల తిప్పకుండా, నువ్వు బస్సంత ఉంటే తోమేవాణ్ణే అనేవారు, ఆ ఆదివారాలు అలా గడిచేవి, నేను టీ గ్లాసు పట్టుకుని మెట్టు మీద కూర్చుని వినేదాన్ని, వారంలో నాకు ఎవరికీ ఏదీ నేర్పక్కర్లేని గంట అదొక్కటే.

అందుకే బానెట్ మీద సన్నటి గుండ్రటి గీతలు కనపడినప్పుడు నా అనుమానం అందరి మీదికీ పోయింది, ఒక్క మామయ్య మీదికి తప్ప, మొదటి ముద్దాయి నా దగ్గర నేర్చుకునే బ్యాంకు మేనేజరు, క్లాసుకి ముందు బానెట్ మీద ఫైలు పెట్టి సంతకాలు పెట్టే అలవాటు ఆయనకి, రెండో ముద్దాయి ఎదురింటి పిల్లి, మూడు రోజులు ఫైలు పెట్టనివ్వలేదు, పిల్లి కోసం రాత్రుళ్ళు కారు మీద పట్టా కప్పాను, గీతలు మాత్రం ఆదివారానికి ఆదివారం పెరుగుతూనే ఉన్నాయి, శనివారం లేని గీత ఆదివారం మధ్యాహ్నానికి ఎలా వచ్చింది అని ఆలోచించాను, ఆ మరుసటి ఆదివారం వంటింటి కిటికీ దగ్గర ఉల్లిపాయలు తరుగుతూ కాపు కాశాను, మామయ్య చేతిలోంచి గుడ్డ జారి మట్టిలో పడింది, వంగి తీశారు, ఇంకేముంది చక్రాలకే అనుకున్నాను, ఆయన దాన్ని వేళ్ళతో తడిమారు, ఒకసారి, రెండోసారి, ఏమీ లేదన్నట్టు తల ఊపి బానెట్ మీద వేసి గుండ్రంగా తిప్పారు, నా చేతిలో కత్తి ఆగిపోయింది, తర్వాత ఆరేసిన గుడ్డని నేను వెళ్ళి తడిమితే గరుకు కాగితంలా ఉంది, ఒక్కసారిగా మిగతావన్నీ వరసకట్టి కళ్ళ ముందుకొచ్చాయి, పొగలు కక్కే గ్లాసుని ఆయన గుడ్డ లేకుండా పట్టుకోవడం, ఆర్నెల్లుగా గుండీల చొక్కాలు మానేసి గుండ్రటి మెడ బనియన్లకి మారడం, కుర్రతనం వచ్చింది ముసలాయనకి అని అత్తయ్య నవ్వితే నేనూ నవ్వాను, గుండీ పట్టు చిక్కకే మారారని ఆ కిటికీ దగ్గరే తెలిసింది నాకు.

తెలిసి ఏం చేశాను, చెప్పాల్సింది చెప్పకుండా గీతలు చెరపడానికి పూనుకున్నాను, ఆయన చూసి నొచ్చుకుంటారని, ముప్పై రెండేళ్ళలో ఒక్క బస్సుకి గీత పడనివ్వని చెయ్యి అని చెప్పుకునే మనిషి, కార్ల సామాన్ల కొట్లో రుద్దే పేస్టు డబ్బా కొన్నాను, కొట్టాయన, మెల్లగా రుద్దండి మేడమ్, ఇది గీతల్ని తీసేది రంగుని అరగదీసే, ఎక్కువైతే అడుగు కనపడుతుంది అన్నాడు, మూడు సోమవారాలు, క్లాసుకీ క్లాసుకీ మధ్య ఖాళీ మైదానంలో కారు ఆపి మెత్తటి గుడ్డతో జాగ్రత్తగా రుద్దాను, గీతలు పోయాయి, హమ్మయ్య అనుకున్నాను, నాలుగో సోమవారం చూస్తే అక్కడ ముదురు నీలం కాస్తా వెలిసిన గుడ్డలా ఉంది, అంత రుద్దానా, మూడుసార్లే కదా, అదీ పువ్వుని ముట్టుకున్నట్టు, ఇక ఈ ఆదివారం ఆయన గుడ్డ పట్టుకుని అక్కడికి రాగానే చూస్తారు, ఎవరు రుద్దారంటారు, ఎందుకంటారు, అప్పుడు గీతలు, గీతల వెనక వేళ్ళు, మొత్తం తీగ లాగినట్టు వస్తుంది, అందుకే ఈ మెషిన్ ఆలోచన, రంగు వెలిసిన నేరం దాని మీదికి తోసెయ్యొచ్చని, మా వీధిలో రోడ్డు తవ్వుతున్నారు కాబట్టి దుమ్ము మరీ దారుణంగా ఉంది మామయ్యా, రెండు బకెట్లకి లొంగదు, ఈసారికి మెషిన్లో కడిగిద్దాం అన్నాను, నాలుగు రోజులుగా కారంతా వేలెడు మట్టి కప్పుకునే ఉంది, అదీ నా అదృష్టమే, అబద్ధానికి రోడ్డు శాఖవాళ్ళు కూడా సాయం పట్టారు.

ముందు కారు కదిలింది, నేను క్లచ్ వదిలాను, ఇంజను ఒక్క కుదుపుతో ఆగిపోయింది, వెనకాల ఎవరో హారన్ కొట్టారు, మామయ్యా బ్రేక్ మీంచి కాలు తియ్యండి, అబ్బే నేను తొక్కలేదే, మరి కారుకి మీరంటే బెంగా, ఆయన నవ్వలేదు, రాత్రి నుంచి ఇదే వరస, ముందు వద్దే వద్దన్నారు, తర్వాత పోనీ నేనూ వస్తానన్నారు, దారిలో మూడుసార్లు వెనక్కి పోదాం, గంటలో నేనే కడిగి ఇస్తానన్నారు, ఇప్పుడు గొంతు తగ్గించి, అమ్మాయ్, పోనీ బానెట్ వదిలేసి మిగతాది కడగమను అంటున్నారు, బానెట్ వదిలేసి ఎలా కడుగుతుంది మామయ్యా, గడ్డం గీసి మీసం వదిలెయ్యడానికి ఇదేమైనా మంగలి షాపా, అది కాదే, బానెట్ కింద ఇంజను వేడిగా ఉంటుంది, చన్నీళ్ళు పడితే రంగు చిట్లుతుంది, మరి మీరు కడిగేది వేన్నీళ్ళతోనా, అదంటే నేను చూసి పోస్తాను, మెషిన్ చూస్తుందా, ఆయన కిటికీలోంచి బయటికి చూశారు, అక్కడ బోర్డు మీద గీతలకూ ఊడే భాగాలకూ మేము బాధ్యులం కాము అని ఎర్రక్షరాలు, చూశావా వాళ్ళే ఒప్పుకుంటున్నారు అన్నారు, పాపం, తన పని మెషిన్ లాక్కుంటోందని ఉడుకుమోత్తనం అనుకున్నాను, జాలేసింది, జాలితో పాటు కొంచెం సిగ్గేసింది, పది మాటలు గొంతు దాకా వచ్చాయి, మామయ్యా అన్నాను, ఆయన ఉలిక్కిపడి ఏంటి అన్నారు, ఏం లేదు, సీటు బెల్టు అన్నాను, పెట్టుకునే ఉన్నాను కదా అన్నారు, ఇంకా రెండు కార్లు, ఇంకొకటి, ఒట్టు సంగతి అలాగే ఉంది.

మా వంతు వచ్చింది, గుబురు మీసాల పెద్దాయన చెయ్యి ఊపుతూ న్యూట్రల్, న్యూట్రల్, బ్రేక్ ముట్టుకోకండి, అదే లాక్కుపోతుంది అన్నాడు, కింద పట్టా ఏదో ముందు చక్రాన్ని అందుకుంది, కారు నా ప్రమేయం లేకుండా కదిలింది, పన్నెండేళ్ళలో స్టీరింగు ముందు ఇంత పనిలేకుండా ఎప్పుడూ కూర్చోలేదు, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను, బాగుంది నిజానికి, నురగ అద్దాల మీద మెత్తగా వచ్చి పడింది, లోపల పాలరంగు వెలుతురు, బయటి లోకం మాయం, పక్కన మామయ్య ఊపిరి వినపడుతోంది, ఇదే సమయం, తలుపు తీసుకుని పోవడానికి ఇద్దరికీ వీల్లేదు, చెప్పెయ్, మెల్లగా మొదలుపెట్టు, నిన్న మా స్టూడెంటు వాళ్ళ నాన్నకి కూడా ఇలాగే తిమ్మిర్లు అని అబద్ధంతో మొదలుపెట్టినా పర్లేదు, ఎలుగుబంట్లు వచ్చేశాయి, ధనధనా బానెట్ మీద పడి దొర్లాయి, అద్దం మీదికెక్కి పైకప్పు మీదికి పోయాయి, వెనకే వేడి నీళ్ళ జల్లు, మట్టి పాయలుగా జారిపోతోంది, నురగ జారిపోతోంది, వాటితో పాటు బానెట్ మధ్యలోంచి ఇంకేదో కూడా జారుతోంది, నీలంగా, సిరాలా, మైనంలా కరిగి చారలు కట్టి, అది పోయిన చోట నా అరచేతంత మేర బూడిదరంగు, రంగు కాదు, రంగు కింద ఉండే అస్తరు, నున్నగా బట్టతలలా మెరుస్తోంది, నేను నోరు తెరిచాను, అదే క్షణంలో మామయ్య కాలు బ్రేక్ మీద ధన్‌మని పడింది, కారు ఊగి నిలిచిపోయింది, ఎక్కడో గంట మోగింది, పైన ఎర్ర దీపం వెలిగింది, బ్రష్షులు చేతులు చాపినవి చాపినట్టే ఆగిపోయాయి.

మామయ్యా అది నేనే, అన్నాను, అమ్మాయ్ అది నా పనే, అన్నారాయన, రెండు మాటలూ గుద్దుకున్నాయి, ఏది మీ పని, ఏది నువ్వు, మైకులోంచి మీసాలాయన గొంతు, నీలం కారు మేడమ్, బ్రేక్ వదలండి, తొక్కింది నేను కాదండీ అని అద్దంతో అరిచాను, మామయ్య ఎర్ర దీపం కింద నేరస్థుడిలా కూర్చుని చెప్పారు, గీతలు పడుతున్నాయమ్మాయ్, నావల్లే, గుడ్డలో ఇసుక ఉండిపోతోంది, నువ్వు చూస్తే నొచ్చుకుంటావు, నీ బతుకుతెరువు కదా ఈ కారు, డిపోలో మిగిలిన పేస్టు డబ్బా ఉంటే తెల్లారగట్ల లేచి గురువారం గురువారం రుద్దాను, మీరూ రుద్దారా, మీరూ అంటే, నేను సోమవారాలు రుద్దాను మామయ్యా, ఎందుకు, మీరు చూస్తే నొచ్చుకుంటారని, ఆయన నన్ను చూశారు, నేను బానెట్ని చూశాను, నెల రోజులుగా ఒకే చోట వారానికి రెండుసార్లు, ఒకరికి తెలియకుండా ఒకరం, ఇద్దరం పువ్వుని ముట్టుకున్నట్టే, మరి ఆ నీలం ఏంటి కరిగి కారింది అన్నాను, ఆయన కిందికి చూస్తూ, పాప క్రేయాను అన్నారు, గురువారం నుంచి నా కూతురు ఇల్లంతా తలకిందులు చేసి ఏడుస్తోంది నీలం క్రేయాను పోయిందని, ఆకాశం వెయ్యాలట, ఊదారంగుతో సరిపెట్టుకోవే అని కసిరాను కూడా, నాలుగేళ్ళ పిల్ల ఆకాశాన్ని తీసుకెళ్ళి బానెట్‌కి పూశారా మామయ్యా అన్నాను, ముందు ఆయన భుజాలు కదిలాయి, తర్వాత నాకు ఆగలేదు, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాం, మైకు మేడమ్ మేడమ్ అని మొత్తుకుంటూనే ఉంది.

నవ్వు ఆగాక మిగిలింది ఆ వేళ్ళే, ఎన్నాళ్ళయింది అన్నాను, ఎనిమిది నెలలు, ముందు ఎడమ చెయ్యి, తర్వాత ఇదీ, సూది గుచ్చినా తెలీదు, మరి పాపని రోజూ రోడ్డు దాటిస్తున్నారు కదా అన్నాను, అన్నాక గానీ ఆ మాట బరువు నాకు తెలియలేదు, ఆయన తొందర తొందరగా, లేదమ్మాయ్, దాని చెయ్యి నేను పట్టుకోవట్లేదు, నన్నే గట్టిగా పట్టుకోమన్నాను, మోచేతికి పైన, అక్కడ తెలుస్తుంది నాకు, పట్టు వదిల్తే అక్కడే నిలబడిపోతాను, మామిడికాయంత పిల్లకి అందదని వంగి నడుస్తున్నాను, మీ అత్తయ్య నడుం నొప్పా అని అడుగుతోంది, నిన్న గుమ్మంలోంచి నేనూ చూశాను, తాత వంగి, మనవరాలు నిక్కి, ఇద్దరూ నడుస్తుంటే ఆట అనుకున్నాను, రేపు పొద్దున తొమ్మిదింటికి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం అన్నాను, రేపు సోమవారం, ఆ మేనేజరు క్లాసు ఉంది కదా నీకు, ఆయన ఆరు నెలలుగా రివర్సే నేర్చుకుంటున్నాడు మామయ్యా, ఒక్కరోజు ముందుకి పోతే కొంపలేం మునగవు, మందులిచ్చి చెయ్యి తడపొద్దంటారేమో, అనరు, అంటే, అంటే నేను కడుగుతాను, మీరు కుర్చీ వేసుకుని తిట్టండి, నువ్వు కడుగుతావా, గుడ్డ పిండటం వచ్చా నీకు, రాకపోతే షెడ్డు ఊడ్చే పనిలో వెయ్యండి, ముందు ఆ కాలు తియ్యండి, బ్రేక్ వదలండి, ఇప్పుడే, అన్నాను, క్లాసులో అరిచే గొంతుతోనే, ఆయన కాలు టక్కున లేచింది, దీపం ఆకుపచ్చగా మారింది, కారు మళ్ళీ కదిలింది.

బయట ఎండలో మీసాలాయన బానెట్ చూసి మొహం మాడ్చుకుని పరిగెత్తుకొచ్చాడు, మేడమ్ ఇది మా మెషిన్ చేసింది కాదు, బోర్డు చదువుకోండి అన్నాడు, మామయ్య అద్దం దించి, మీది కాదులే బాబూ, మా ఇంటి గొడవ, మీ బ్రష్షులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి, కానీ చక్రాలు ముందు కడుగుతున్నారు, ఆఖర్న కడగాలి అన్నారు, నేను గేరు వేశాను, ఎండలో కారు మిలమిలలాడుతోంది, మధ్యలో బూడిదరంగు అరచెయ్యి, రంగు వేయించాలి, ఎప్పుడో వేయిస్తాను, తొందరేం లేదు, మామయ్య మాట్లాడుతూనే ఉన్నారు, కొత్త గుడ్డలు కొనాలట, కొన్నాక ఒకసారి ఉడకబెట్టాలట, బకెట్ ఏ చేతి వైపు ఉండాలో దానికీ ఓ లెక్కుందట, ఇప్పటి నుంచే నేర్పేస్తున్నారు, నేను ఊ కొడుతున్నాను, మెషినా చేతులా అని వారం నుంచి నా బుర్ర తినేసిన ప్రశ్న ఎటు పోయిందో పోయింది, పెళ్ళయి ఈ ఇంటికొచ్చి తొమ్మిదేళ్ళు, ఈ మనిషి కోప్పడతారేమోనని నేను ఏనాడూ భయపడలేదు, నొచ్చుకుంటారేమోనని మాత్రం రోజూ భయపడ్డాను, ఆయనా నా విషయంలో సరిగ్గా అంతే, అంత భయం పెట్టుకున్నవాళ్ళం ఒకరినొకరం ఇంకా కొంచెం చుట్టాల్లాగే చూసుకున్నాం, ఇందాక లోపల కాలు తియ్యండి అని అరిచినప్పుడు ఆయన మొహంలో నొచ్చుకున్న జాడ లేదు, హమ్మయ్య ఎవరో అరిచారు అన్న తేలిక ఉంది, ఇన్నాళ్ళూ నేనివ్వాల్సింది ఆ అరుపే, ఆయన నాకివ్వాల్సిందీ అదే, ఇద్దరం చుట్టరికం వదిలి సొంతవాళ్ళమయ్యాం.